బెల్లం నీళ్లు చల్లిన రోజు

రాజమండ్రి దగ్గర ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతూ, మిగిలిన టైమంతా ఒక సెన్సార్‌కి ధారపోశాను. గోటి కన్నా చిన్న ట్రాన్సిస్టర్ అది. దాని మీది లోహపు పొరకి వాయువు తగిలితే కరెంటు మారుతుంది. రొయ్యల్ని చంపే అమ్మోనియా చెరువులో పెరిగితే ముందే చెప్పాలని నా ఆశ. చెప్పేది కూడా. కాకపోతే ఏ వాయువు తగిలినా అదే గోల పెట్టేది.

దాన్ని భీమవరం అవతల మా అక్కావాళ్ల చెరువు దగ్గర పెట్టాను. సీసాలో చెరువు నీళ్లు పట్టి, సెన్సార్ బిగించిన మూత పెట్టి, అంకె చూడటమే పని. బావగారికి అప్పటికే వరసగా రెండు పంటలు వైట్‌స్పాట్ రోగం వచ్చి పోయాయి. ఇదీ పోతే చెరువు వదిలేస్తానని అక్కతో అన్నారట.

మొదటి వారమే అంకె ఎగబాకింది. ఆయన బెంబేలెత్తి నీళ్లు పరీక్ష చేసే ల్యాబుకి పరిగెత్తారు. అమ్మోనియా లేదన్నారు. ఆరా తీస్తే, ఆ పొద్దున్నే బెల్లం, తవుడు, ఈస్టు కలిపి పులియబెట్టిన నీళ్లు చల్లించారట. చెరువుకి మంచిదని మా వైపు అందరూ చల్లేదే. అందులోంచి వచ్చే ఆల్కహాల్ ఆవిరిని నా ఘనమైన సెన్సార్ అమ్మోనియా అనుకుంది. నీ మిషన్ కల్లుపాక దారి పట్టిందమ్మాయ్ అని బావగారు నవ్వారు. నాకు ఒళ్లు మండింది.

రెండు నెలలు పొర మార్చాను, వేడి మార్చాను, పైన జల్లెడలాంటి పూత వేశాను. ఆల్కహాల్‌ని ఆపితే అమ్మోనియా కూడా ఆగిపోయేది. ఇక నా వల్ల కాదని కాలేజీలో స్టూలు మీద కూర్చుని ఏడ్చాను. చివరికి, బెల్లం చల్లిన రోజు అంకె పెరిగితే పట్టించుకోవద్దని బావగారికే చెప్పేశాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

ఒక సాయంత్రం ఆయన ఫోన్ చేశారు. పొద్దున బెల్లం నీళ్లు చల్లారట, అంకె ఎప్పటికన్నా ఎక్కువుందట.

"నీళ్లు ల్యాబుకి పట్టుకెళ్లమంటావా?"

"బెల్లమే బావగారూ. అక్కర్లేదండి."

ఆయన వెళ్లలేదు.

మర్నాడు పొద్దున్నే అక్క ఫోన్ చేస్తే బస్సెక్కి వెళ్లాను. గట్టు వెంట రొయ్యలు కుప్పలుగా చచ్చి తేలుతున్నాయి. అప్పుడు చేయించిన పరీక్షలో అమ్మోనియా హద్దు దాటేసింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు. ఈ పాడు సెన్సార్‌ని గోదాట్లో పారేస్తానని ఏడ్చాను.

బావగారు గట్టు మీద కూర్చుని తలెత్తలేదు. అక్కే అంది.

"దాన్ని తిట్టకే. అది నిన్న సరిగ్గానే చెప్పింది. కాదన్నది నువ్వు."