రియాలుకు దినారు లెక్క

గూడూరు నిమ్మకాయల మార్కెట్లో మెహబూబున్నీసా అంటే ఎవరికీ తెలియదు. "కువైట్ మెహబూబు" అంటే మాత్రం గేటు దగ్గర టీ అమ్మే మనిషి కూడా చెయ్యి చాచి చూపిస్తాడు. కుప్పపోసిన కాయల ముందు కూర్చుని పెద్దకాయ, చిన్నకాయ, మచ్చకాయ వేరు చేయడం ఆమె పని. ఏరిన కాయలను గోతాల్లో నింపి లారీ మీదికి మోయడం ఆమె భర్త నాగుల్ మీరా పని. ఇద్దరికీ యాభై దాటాయి. పండక్కి అత్తరు పూసుకున్నా ఇద్దరి చేతులకూ నిమ్మవాసనే.

కువైట్ అనే పేరు ఊరికే రాలేదు. పిల్లలు చిన్నవాళ్లుగా ఉన్నప్పుడు ఆమె ఆరేళ్లు అక్కడొక అరబ్బు ఇంట్లో పనిచేసింది. జీతం నెలకు నలభై దినార్లు. ఆ ఇంటి గేటు దాటింది తక్కువ, అంగట్లో తన చేత్తో డబ్బిచ్చి కొన్నది అసలే లేదు. నెలాఖరుకు యజమానురాలు నాలుగు పదినోట్లు చేతిలో పెట్టేది. ఆ నాలుగూ అలాగే ఊరికి చేరేవి. ఒక్కో నోటు వెనక ఎన్ని గదులు తుడిచిందో, ఎన్ని కుర్తాలు ఇస్త్రీ చేసిందో ఆమె నడుముకు తెలుసు. ఆ దినార్లతోనే రెండు గదుల ఇల్లు లేచింది, కొడుకు అక్రమ్‌కు ఆటో వచ్చింది.

అలాంటి మనిషి ఇన్నేళ్లకు మళ్లీ అరబ్బు దేశం విమానం ఎక్కింది. ఈసారి పనికి కాదు, మొగుడితో కలిసి మక్కాకు, ఉమ్రా యాత్రకు. చీటీ పాడిన డబ్బుకు అక్రమ్ మరికొంత కలిపాడు. టికెట్లు, గది, రెండు పూటలా భోజనం అన్నీ ఏజెంటే చూసుకుంటాడు. "చేతిఖర్చుకు రూపాయలే తెచ్చుకోండి, అక్కడ యాడబడితే ఆడ మార్చుకోవచ్చు" అని చెప్పాడతను. ఇరవై వేలు గుడ్డసంచిలో పెట్టి, మూతి కుట్టి, మెడలో వేసుకుంది మెహబూబున్నీసా.

గుంపులో నెల్లూరు వైపు వాళ్లు నలుగురే. వీళ్లిద్దరూ కాక, బోగోలు నుంచి సాహిరా అనే ఆమె, ఆమె అత్త. సాహిరాకు ముప్పై అయిదేళ్లు ఉంటాయి. ఇంట్లో ఎండుచేపల వ్యాపారం, నోట్లో నిలవని మాట. ఉర్దూ బాగా వచ్చు. మెహబూబున్నీసా ఇంట్లో అందరిదీ తెలుగే. అయినా దిగిన రోజే, విమానాశ్రయంలో ఒక పోలీసుతో ఆమె రెండు అరబ్బు ముక్కలు మాట్లాడేసరికి సాహిరా ఆమె కొంగు పట్టుకుంది.

"అక్కా, నీకు ఈ దేశాలు తెలుసు. దుడ్ల సంగతి నువ్వే చెప్పాల."

"చెప్పేదానికేముండాది? ఈళ్ల దుడ్డు మన దుడ్డు కాదు మే. ఒక్కదానికి మనవి రెండొందల డెబ్బై. మా చెల్లెలి కూతురు షాహనా ఇప్పుడు గూడా కువైట్‌లోనే ఉండాది, నెలనెలా పంపిస్తా ఉండాది, నాకు తెలీదా?"

కువైట్ దినారైనా సౌదీ రియాలైనా అరబ్బు నోటు అరబ్బు నోటే అన్నది ఆమె నమ్మకం. అది తప్పు కావచ్చన్న అనుమానం కూడా రాలేదు. నమ్మకానికి సాక్ష్యాలు అడుగడుగునా కనిపించాయి. నమాజుకు పరుచుకునే జానమాజు ఇరవై అంటే అయిదు వేల నాలుగు వందలు! కిలో ఖర్జూరం ముప్పై అంటే ఎనిమిది వేలు! చిన్న గ్లాసు మామిడిపండు రసం అయిదు అంటే పదమూడు వందల యాభై! లెక్క విన్నప్పుడల్లా సాహిరా గుండె మీద చెయ్యి వేసుకునేది. ఆమె అత్త మాత్రం ఖర్జూరం అంగడి ముందు నుంచి కదిలేది కాదు.

"రా అత్తా, అవి దొరలు తినేవి" అని రెక్క పట్టుకుని లాక్కొచ్చేది సాహిరా.

మెహబూబున్నీసాకు లోపల దిగులేమీ లేదు. కళ్లారా కాబాను చూసింది. రెండు పూటలా అన్నం ఎవరో వండి పెడుతున్నారు. ఇరవై ఏళ్లలో ఇన్ని రోజులు కాయ ముట్టుకోకుండా ఉన్నది ఇదే మొదలు. సంచి కుట్టు విప్పకుండానే ఊరికి వెళ్లిపోవచ్చు అనుకుంది.

అప్పుడు నాగుల్ మీరా చెప్పులు పోయాయి.

మసీదు గుమ్మం దగ్గర విడిచి లోపలికి వెళ్లాడు, వచ్చి చూస్తే లేవు. ఎవరో పొరపాటున వేసుకెళ్లి ఉంటారు. అతను పెద్దగా పట్టించుకోలేదు.

"మార్కెట్లో నేనెప్పుడు చెప్పులేసుకున్నా? నా కాళ్లు తోలు కాళ్లు లేమ్మే."

కానీ గూడూరు మార్కెట్లో నీడ ఉంది, కాళ్ల కింద నిమ్మాకు ఉంటుంది. ఇక్కడ బస నుంచి మసీదుకు వెళ్లే దారి మధ్యాహ్నానికి పెనంలా కాగుతుంది. మొదటి రోజు గోడల నీడ వెంట గెంతుకుంటూ వెళ్లాడు. రెండో రోజు పెళ్లాం చెప్పులు వేసుకున్నాడు, మడమలు సగం బయటికే. సాహిరా చూసి ఊరుకుంటుందా?

"ఏం మామా, పూసల చెప్పులు బాగుండాయే! గాజులు గూడా ఏసుకోపొయ్యావా?"

"నీ నోరు పడ. చెప్పులు లేనోడికి సొగసొకటా?" అని అతనూ నవ్వాడు.

ఆ రోజు మెహబూబున్నీసా గదిలో ఉండిపోవాల్సి వచ్చింది. మూడో రోజు పొద్దున ఆమె చెప్పులు ఆమెకే విడిచి, ఉత్తకాళ్లతో వెళ్లాడు. తిరిగొచ్చేసరికి ఎండ బాగా ఎక్కింది, అరికాళ్లలో నీటిబొబ్బలు. ఒకటి చిట్లింది కూడా. బక్కెట్లో నీళ్లు పట్టుకుని కాళ్లు పెట్టి కూర్చున్నాడు.

"మద్దేనం నమాజుకు నువ్వు పోయిరా. నేనీడనే చదువుకుంటా" అన్నాడు.

మామూలుగానే అన్నాడు. అదే ఆమెకు గుచ్చుకుంది. ఈ మనిషి ఆ మసీదులో నిలబడాలని ఎన్నేళ్లుగా కలవరించాడో ఆమెకు తెలుసు. గోతాం దించి, గోడమీది మక్కా క్యాలెండరు వైపు చూస్తూ నీళ్లు తాగేవాడు. ఇప్పుడు ఇంత దగ్గరికి వచ్చి, ఇంకా నాలుగు రోజులుండగా, గదిలో బక్కెట్టు ముందు కూర్చుంటానంటున్నాడు.

ఆమె బయటికి వచ్చి సందు చివరి చెప్పుల అంగడి ముందు ఆగింది. మెత్తటి అడుగు ఉన్న మగచెప్పులు చూపించి ఎంత అని అరబ్బులో అడిగింది.

"ఖంస్తాష్" అన్నాడు అంగడివాడు. పదిహేను.

పదిహేను! కువైట్‌లో పదకొండు రోజుల పైన చాకిరీ. రూపాయల్లో నాలుగు వేల పైమాట. ఆమె చెప్పులు చేతిలోకి తీసుకుని తన చేత్తో కొలిచింది. నాగుల్ మీరా పాదం జానా నాలుగు వేళ్లు. సరిపోతుంది. బేరం ఆడలేదు. "వస్తా, పక్కన పెట్టు" అన్నట్టు సైగ చేసి గదికి తిరిగొచ్చి, సంచి కుట్టు పళ్లతో తెంపింది. నాలుగు వేల వంద బయటికి తీసింది.

"యాడికి మే?" అన్నాడు నాగుల్ మీరా.

"ఈడికే" అని, సాహిరాను వెంటబెట్టుకుని డబ్బులు మార్చే అంగడికి వెళ్లింది.

అద్దం వెనక కుర్రాడు నోట్లు తీసుకున్నాడు, మిషన్లో వేశాడు, అద్దం కింది సందులోంచి డబ్బు తోశాడు. పదిహేను నోట్లు వస్తాయని చెయ్యి పట్టిన మెహబూబున్నీసాకు పైనే వంద నోటు కనిపించింది. దాని కింద యాభై. ఇంకా ఏవో. నిప్పు తగిలినట్టు చెయ్యి వెనక్కి తీసుకుంది.

వంద! రెండు నెలల జీతం దాటిపోయింది. పాపం, పిల్లోడు ఎవరిదో డబ్బు తనకిచ్చేశాడు. సాయంత్రం లెక్క తప్పితే వాడి ఉద్యోగం ఏమవుతుంది? అదీ ఈ గడ్డమీద, ఒకరి సొమ్ము తన చేతిలోకి రావడమా? మొత్తం డబ్బు వెనక్కి తోసేసింది.

కుర్రాడు వంద నోటు దొంగదని ఆమె అనుమానమనుకున్నాడు. దాన్ని దీపం ముందుకెత్తి లోపలి గుర్తు చూపించి మళ్లీ ఇచ్చాడు. ఆమె మళ్లీ తోసింది. ఓహో, చిల్లర కావాలి కాబోలు అనుకుని వందా యాభై తీసేసి, అన్నీ పది పది నోట్లు చేసి తోశాడు. కట్ట పెద్దదయ్యేసరికి మెహబూబున్నీసాకు చెమటలు పట్టాయి.

"అయ్యో నాయనా, ఎక్కువిస్తా ఉండావు! సాహిరా, చెప్పు మే వాడికి. ఉద్యోగం పోతాది వాడికి!"

వెనక వరసలో వాళ్లు గొణగడం మొదలుపెట్టారు. సాహిరా ముందుకు వచ్చి ఉర్దూలో అడిగింది. కుర్రాడు విసుక్కోకుండా చెప్పాడు. సాహిరా మళ్లీ అడిగింది. అతను లెక్కల మిషన్ అద్దానికి ఆనించి చూపించాడు. సాహిరా మొహం ముందు తెల్లబడింది, ఆ తర్వాత ఎర్రబడింది.

"అక్కా."

"ఏంది?"

"ఒక రియాలు ఎంతన్నావు నువ్వు?"

"రెండొందల డెబ్బై."

"ఇరవై అయిదు."

"యాడ?"

"ఈడే! రెండొందల డెబ్బై నీ కువైట్ దినారంట. ఇది రియాలంట. అదేరే, ఇదేరే. దానికీ దీనికీ సంబంధమే లేదంట!"

కుర్రాడు నవ్వుతూ డబ్బును నాలుగోసారి ముందుకు తోశాడు. నూట అరవై నాలుగు రియాళ్లు. ఈసారి తీసుకుంది.

పక్కకు వచ్చాక సాహిరా నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఆరేళ్లున్నానంటివే! మామిడిపండు రసం పదమూడొందలంటివే! నేను గొంతెండిపోయి కొళాయి నీళ్లు తాగితినే! ఖర్జూరం కొనియ్యలేదని మా అత్త నాతో మాట్లాడి రెండ్రోజులయిందే అక్కా!"

"ఆరేళ్లూ ఇంట్లోనే ఉంటిని మే. అంగడి మొకం నేనెప్పుడు చూసినా? నాకు తెలిసింది ఆ నలభయ్యే."

సాహిరా ఇంకో మాట అనబోయి ఆగింది. మరుక్షణం నవ్వు తన్నుకొచ్చింది. ఆ నవ్వు మెహబూబున్నీసాకూ అంటుకుంది. నడిబజార్లో ఇద్దరు ఆడవాళ్లు గోడకు ఆనుకుని, కళ్లు తుడుచుకుంటూ నవ్వుతుంటే దారినపోయేవాళ్లు తప్పుకుని వెళ్లారు.

చెప్పుల అంగడివాడు ఆమెను గుర్తుపట్టాడు. ఇందాక ఏడుపు మొహంతో, ఒక్క మాటైనా బేరమాడకుండా వెళ్లిన ఆడమనిషి ఈసారి చెప్పులు తీసుకుని వంచి చూసింది, అడుగు గిల్లి చూసింది, ఇష్టం లేనట్టు పక్కన పడేసింది.

"అషరా" అంది. పది.

"ఖంస్తాష్ హజ్జా, ఖంస్తాష్!" అన్నాడు వాడు, యాత్రకొచ్చిన పెద్దామెను మర్యాదగా పిలుస్తూ.

"ఇందాక నాలుగు వేలకు ఒప్పుకొని, ఇప్పుడు మూడొందల డెబ్బై అయిదు ఎక్కువా నీకు?" అంది సాహిరా.

"ఇందాక నాకు తెలీదు గదా. మూడొందల డెబ్బై అయిదా? గూడూరు సెంటర్లో మూడొందలకిస్తాడు."

పన్నెండుకు తెగింది. మిగిలిన దాంట్లోంచి సాహిరా అత్తకు కిలో ఖర్జూరం మెహబూబున్నీసాయే కొనిచ్చింది. వద్దంటున్నా వినలేదు. మాట పోగొట్టిన దాన్ని నేనే గదా, మాట్లాడించేది గూడా నేనే అంది.

గదిలో నాగుల్ మీరా కాళ్లు తుడుచుకుంటున్నాడు. కొత్త చెప్పులు ముందు పెడితే ఉలిక్కిపడ్డాడు.

"ఎంత?"

ఆటపట్టించాలనిపించింది ఆమెకు. "నాలుగు వేలు."

"నీకేమన్నా పిచ్చా? నా కాళ్లకు నాలుగు వేలా? పో, వాడికిచ్చేసి రా. నేను ఏసుకోను." చెప్పులను అట్టపెట్టెలో పెట్టబోయాడు, ఎక్కడ మాసిపోతాయోనన్నట్టు రెండు వేళ్లతో పట్టుకుని.

ఇక నవ్వు ఆపుకోలేక జరిగిందంతా చెప్పింది. మిషన్ సంగతి, దీపం ముందు నోటు సంగతి, సాహిరా తిట్లు. అతను కడుపు పట్టుకుని నవ్వాడు. "కువైట్ మెహబూబంట, కువైట్ మెహబూబు!" అని మళ్లీ మళ్లీ అన్నాడు. నవ్వి నవ్వి ఆగాక, ఏదో తట్టినట్టు ఆమె వైపు చూశాడు.

"అయితే పోయేటప్పుడు నాలుగు వేలనుకునే పోయినావా?"

"ఊఁ."

"తెలిసే పోయినావా?"

"మరి? కాళ్లు కాల్చుకుంటా ఉంటే చూస్తా కూర్చోమంటావా?"

చిట్లిన బొబ్బకు గుడ్డపీలిక చుట్టుకుని, చెప్పుల్లో కాళ్లు పెట్టి లేచి నిలబడ్డాడు. అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు వేశాడు.

"సరిపోయినాయా?"

"అచ్చు కొలిచినట్టుండాయి."

బయట నమాజుకు పిలిచే బాంగు మొదలైంది. ఇద్దరూ దారిలోకి వచ్చారు. సాహిరా, ఆమె అత్త ముందు నడుస్తున్నారు. అత్త నోటి నిండా ఖర్జూరం, ఆ నోటితోనే కోడలికి ఏదో చెబుతోంది. రసం అంగడి ముందు మెహబూబున్నీసా రెండు గ్లాసులు తీసుకుంది. నాగుల్ మీరా తాగుతూ, మండే దారి మధ్యలో, నీడ వెతుక్కోకుండా నడిచాడు.

నాలుగడుగులు వెనక వస్తూ ఆమె అతని కాళ్లవైపు చూసింది. చెప్పులు వదులు. మడమ వెనక వేలెడు ఖాళీ ఉంది. జారిపోకుండా కాలివేళ్లు బిగబట్టి నడుస్తున్నాడు, ఆమెకు తెలియకూడదని. నమాజు అయ్యాక అంగడివాడిని అడిగి మార్పించాలి అనుకుంది. వాడు మార్చనంటే? మార్చకపోతే పోనీ, ఇంకో జత కొంటే సరి.

అలా అనుకున్నందుకు తనకే ఆశ్చర్యమేసింది. గ్లాసు అడుగున మిగిలిన రసం గుక్కలో తాగేసి, పెద్ద పెద్ద అడుగులు వేసి అతన్ని అందుకుంది.