పడవెక్కని పిల్ల

బెజవాడలో, విదేశాలకు వెళ్ళేవాళ్ళు రాసే ఇంగ్లీషు పరీక్షకు పాఠాలు చెప్పి బతుకుతున్నాను. నా నోరు మంచిది కాదని మా కోచింగ్ సెంటర్లో అందరికీ తెలుసు. ఆలస్యంగా వస్తే తిడతాను, ఇచ్చిన పని చేయకుండా వస్తే ఇంకా తిడతాను. కానీ అసలు నాకు ఒళ్ళు మండేది పిల్లల మీద కాదు, మాట్లాడే పరీక్షలో చేతికిచ్చే ఆ కార్డుల మీద. మీరు చూసిన మ్యూజియం గురించి చెప్పండి. మీ పెంపుడు జంతువు గురించి చెప్పండి. మంచు కురిసిన రోజు గురించి చెప్పండి. బెజవాడలో మంచట! మే నెలలో ఒక్కసారి వచ్చి చూడమనండి.

కార్డు ఇచ్చి ఒక్క నిమిషం ఆలోచించుకోమంటారు. తర్వాత రెండు నిమిషాలు ఆపకుండా మాట్లాడాలి. అందుకని మేం ముందు నేర్పేది ఇంగ్లీషు కాదు, అబద్ధం. చూడని మ్యూజియం చూశామనాలి, పెంచని కుక్కకు పేరు పెట్టాలి. అది నిజమా కాదా అని ఎవరూ అడగరు. మాట వస్తోందా లేదా అన్నదే చూస్తారు.

నా క్లాసులో ఒకమ్మాయి ఉండేది, ఇక్కడే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. బందరు దగ్గర సముద్రపు ఒడ్డు ఊరు, చేపలు పట్టే కుటుంబం. డ్యూటీ దిగి, మొహం కడుక్కుని, నిద్ర కళ్ళతోనే క్లాసుకు వచ్చేది. పరాయి దేశంలో ఒక ఆసుపత్రివాళ్ళు ఉద్యోగం ఇస్తామన్నారు, ఈ పరీక్షలో వాళ్ళడిగినంత వస్తేనే. గడువు దగ్గర పడింది, ఇంకోసారి రాసే వ్యవధి లేదు. ఆమెకు విదేశం మీద మోజేమీ లేదు. వాళ్ళ నాన్నకు ఒక కన్ను మసకబారింది. అయినా ఇంకొకరి పడవ మీద వేటకు పోతూనే ఉన్నాడు. చేపలకు వెళ్ళడాన్ని వాళ్ళు వేట అనే అంటారు.

"ఆ ఉద్యోగం వస్తే నాన్నని ఒడ్డున కూర్చోబెడతానండి," అంది చేరిన రోజునే.

ఇంగ్లీషు రాని పిల్లేం కాదు. ఇన్సులిన్ ఎలా తీసుకోవాలో పేషెంటుకు చెప్పినట్టు చెప్పమంటే గుక్క తిప్పుకోకుండా చెప్పేది. మ్యూజియం అనేసరికి నీళ్ళు నమిలేది. నేను నెత్తీ నోరూ కొట్టుకోగా కొట్టుకోగా అబద్ధాలు కూడా ఒంటబట్టాయి. లేని పిల్లిని పెంచింది, పడని మంచులో ఆడింది. క్లాసంతా నవ్వితే తనూ నవ్వింది. "సముద్రం గురించి వస్తే మాత్రం దున్నేస్తావే తల్లీ," అనేదాన్ని. దానికి మాత్రం ఏమీ అనేది కాదు.

పరీక్ష రోజు మధ్యాహ్నం నేరుగా సెంటర్‌కే వచ్చింది. మొహం చూడగానే నా ప్రాణం ఉసూరుమంది. కార్డు మీద ఏముందని అడిగాను. పడవలో సరదాగా చేసిన ప్రయాణం గురించి చెప్పమన్నారట.

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అంతకు ముందు, ఇక్కడే పటమటలో పుట్టి పెరిగిన ఒకబ్బాయికి అదే కార్డు వచ్చింది. బోటెక్కి కృష్ణ మధ్యనున్న భవానీ ద్వీపానికి వెళ్ళి, చిప్స్ తిని, సెల్ఫీలు దిగిన కథ చెప్పి ఈల వేసుకుంటూ వచ్చాడు. వాడికే అంత తేలికైతే సముద్రం పిల్లకేమొచ్చింది?

అప్పుడు చెప్పింది. వాళ్ళింట్లో ఆడవాళ్ళు పడవెక్కరు. వేట పడవ మీద ఆడది కాలుపెడితే వెళ్ళినవాళ్ళకు కీడని నమ్మకం. ఈ పిల్ల వల చిక్కులు తీసింది, చేపలు తట్టకెత్తింది, ఇసుకలో ఎండబెట్టింది. పడవ మాత్రం పుట్టాక ఒక్కసారీ ఎక్కలేదు. బెజవాడకు వచ్చాక కూడా కృష్ణలో బోటెక్కుదామని తోటి నర్సులు పిలిస్తే తలనొప్పని చెప్పి హాస్టల్లోనే ఉండిపోయిందట.

నాకు కోపం ఆగలేదు. అంత మంచులో ఆడినదానివి, పడవెక్కానని ఒక్క అబద్ధం ఆడలేకపోయావా అని అరిచాను.

"చెబుదామనే నోరు తెరిచానండి," అంది. "నాన్న నిన్న వేటకెళ్ళాడు, ఇంకా రాలేదు. ఆయన నీళ్ళ మీదుండగా నేను పడవెక్కానని ఎలా అననండీ? అవన్నీ నేను నమ్మను కూడా. అయినా నోరు రాలేదు."

ఇచ్చిన నిమిషమంతా అలాగే పోయిందట. ఒడ్డున వల బాగుచేయడం గురించి రెండు ముక్కలు చెప్పబోతే, ప్రయాణం గురించి చెప్పమని ఎదురుగా కూర్చున్నావిడ మర్యాదగా గుర్తుచేసిందట. ఆవిడ తప్పేముంది, ఆవిడ పని ఆవిడ చేసింది. అందరికీ ఒకే గడియారం, ఒకే రకం కార్డులు, కాబట్టి అందరూ సమానమే అంటారు. ఏం సమానం, నా మొహం! ఆ కార్డు రాసినవాళ్ళకు పడవంటే సెలవు రోజు. పడవ కోసం ఒడ్డున ఎదురుచూసే ఇళ్ళు ఉంటాయని వాళ్ళకు తట్టనే లేదు.

సాయంత్రం ఇంటి నుంచి ఫోనొచ్చింది, నాన్న ఒడ్డుకు చేరాడని. ఆ పిల్ల మెట్ల మీద కూర్చుని అప్పుడు ఏడ్చింది. పక్కన కూర్చుని నేనూ ఏడ్చాను, చెప్పడానికి సిగ్గెందుకు?

ఫలితాలు వచ్చాయి. మిగతా అన్నిటిలో కావలసినంత వచ్చింది, మాట్లాడటంలో అర బ్యాండు, అంటే అర మార్కు, తగ్గింది. ఆ ఆసుపత్రివాళ్ళు గడువు పొడిగించలేదు. ఇంట్లో చెప్పడానికి తోడు రమ్మంటే ఒక ఆదివారం ఆమెతో బందరు బస్సెక్కాను. కంకిపాడు దాటేదాకా ఏదో ఒకటి వాగుతూనే ఉన్నాను.

వాళ్ళ నాన్న ఇంటి ముందు కూర్చుని, వలను మంచి కంటికి దగ్గరగా పెట్టుకుని ముడులు వేస్తున్నాడు. నాకు కుర్చీ తెప్పించాడు, కూల్ డ్రింకు తెప్పించాడు. ఉద్యోగం రాలేదని ఆమె చెప్పింది. ఆయన వేస్తున్న ముడి పూర్తిచేశాడు. తర్వాత, "ఏమడిగారమ్మా వాళ్ళు?" అన్నాడు.

నేను కూల్ డ్రింకు సీసా కింద పెట్టేశాను.

"మ్యూజియం గురించి నాన్నా," అంది ఆమె.

ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. ఆయన మ్యూజియం అంటే ఏమిటని నన్ను అడిగాడు. పాతకాలం వస్తువులు జనం చూడటానికి పెడతారని చెప్పాను. బెజవాడలో ఉందా అంటే ఉందన్నాను. ఆయన చేతిలో వల వదిలేశాడు.

"సిన్నప్పుడు ఒక్కసారి తీసుకెళ్ళుంటే సరిపోయేది గదమ్మా," అన్నాడు. "ఏటకి పోవడమే గానీ, నేను పిల్లకేమీ సూపించలేదు."

అది కాదండీ అని నోటిదాకా వచ్చింది. ఆమె నా చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కింది.

ఎండ వాలాక ఆయన అన్నం క్యారేజీ తీసుకుని, సంచి భుజాన వేసుకున్నాడు. ఎక్కడికని ఎవరూ అడగలేదు, బయలుదేరేవాళ్ళను ఆ ఇంట్లో అడగరు. గుమ్మం దిగబోతూ నా దగ్గర ఆగాడు.

"మీ ఊళ్ళోనే ఉందన్నారు గదా మేడంగారూ. ఈసారి పరీచ్చకి ముందు పిల్లకి ఆ మూజియం సూపించండి."

అలాగేనండి అన్నాను.