ముందు సగం మా మామ చేసింది

నిన్న పొద్దున తిరుత్తంగల్‌లో మా ప్రెస్సులో కూర్చుని వచ్చే ఏడాది తెలుగు క్యాలెండర్‌కి ప్రూఫ్ చూస్తున్నాను. కోవిల్‌పట్టి నుంచి అత్త ఫోన్.

"మామ పోయినాడు పాపా."

ఎర్ర పెన్ను ప్రూఫు మీద పెట్టేసి బయల్దేరాను. ఆదివారం నాతో మాట్లాడిన మనిషి. రేకు కొలతలకి నమూనాలు కోసుకోవడానికి పాత క్యాలెండర్ అట్టలు తెమ్మన్నాడు. అవి ఇంకా నా టేబుల్ కిందే ఉన్నాయి.

మా మామ గురుసామి. అమ్మకి తమ్ముడు. కోవిల్‌పట్టిలో బస్సు బాడీలకి రేకు పని చేసిన టింకర్.

కోయంబత్తూరు, చెన్నై పాత కార్లు సేకరించే కలెక్టర్లకి మాత్రం ఆయన వేరే మనిషి. పాత రేసు కార్లు కొన్ని ఉంటాయి. ఫ్యాక్టరీలో చేత్తో కొట్టి పదో పన్నెండో చేసినవి. వాటిలో ఏ రేకు ఒరిజినల్, ఏది తర్వాత వేసింది అని తేల్చాలంటే మామని పిలిచేవాళ్ళు. ఆయన కళ్ళు మూసుకుని రేకు లోపలివైపు వేళ్ళతో తడిమేవాడు.

ఏడుపు తర్వాత ఏడుస్తాను. ముందు ఒక విషయం తేల్చాలి.

నిన్న సాయంత్రం మేము శ్మశానం నుంచి ఇంటికి రాకముందే ఆ కార్ల కలెక్టర్లలో ఒకాయన ఆన్‌లైన్‌లో పోస్ట్ పెట్టారు. ఆకుపచ్చ రేసు కారు పక్కన మామ ఫొటో. "మా కారు నూటికి నూరు శాతం ఒరిజినల్ అని తేల్చిన మాస్టర్‌కి సెల్యూట్."

పేరు రాయను. ఆయన ఇది చదువుతారని తెలుసు.

సార్, మామ ఆ మాట అనలేదు. నేను అక్కడే ఉన్నాను.

రెండేళ్ళ క్రితం, విరుదునగర్‌లో మీ పత్తి గోడౌన్. మామకి ఇంగ్లీషు రాదు కాబట్టి రిపోర్ట్ టైప్ చేయడానికి నన్ను వెంట తీసుకొచ్చాడు. మూడు గంటలు కారు కిందే పడుకున్నాడు. వెనక భాగంలో వెల్డింగ్ వంకరటింకరగా, ముద్దలు ముద్దలుగా ఉంది. చూడ్డానికి బాగాలేదు, అరగదీయిస్తానని మీరన్నారు. వద్దని చేతులడ్డం పెట్టాడు. నా వైపు తిరిగి మన తెలుగులో అన్నాడు.

"రేసుకి టైమయిపోతా ఉండాదని ఆత్రంగా అతికించిండారు పాపా. ఆ ఆత్రమే దీనికి గుర్తు. దాన్ని నున్నగా చేసేస్తే ఇంకేముండాది?"

వెనక సగం ఫ్యాక్టరీదే అన్నాడు. మీ ముఖం వెలిగింది.

తర్వాత ముందు చక్రం మీది వంపు దగ్గరికి వచ్చాడు. అక్కడ చెయ్యి ఆగింది. వెనక్కి వెళ్ళి వెనక వంపు తడిమాడు. మళ్ళీ ముందుకొచ్చాడు. చివరికి నేల మీద కూర్చుండిపోయి నన్ను పిలిచాడు.

"చెయ్యి పెట్టి చూడు."

రేకు అంచు గట్టిగా ఉండాలని లోపల కమ్మీ పెట్టి మడుస్తారు. వెనక మడత నున్నగా ఉంది. ముందు మడతలో సన్నగా మెలి తగిలింది, పురికొస మీద వేలు పెట్టినట్టు.

"ఇది నేను చేసిండేదే. నలభై ఏండ్లయింది. నుజ్జయిన కారు మూతి ఒకటి లారీలో మా షెడ్డుకి వచ్చింది. ఏ బండిదని ఎవురూ చెప్పలా. దాన్ని చూసుకోని కొత్తది కొట్టిచ్చినా. లావు కమ్మీ దొరక్క పత్తి బేలు కట్టే కమ్మీ రెండు పోగులు మెలేసి పెట్టినా."

మీకు తమిళంలో అదే చెప్పాడు. మీరు నవ్వారు. ఫారిన్ ఎక్స్‌పర్ట్ ఫొటోలు చూసి ఒరిజినలే అన్నాడని, మామ పని ఫ్యాక్టరీ పనిలా ఉందంటే అది మామకే గొప్ప కదా అని, ఊరుకోమని అన్నారు.

మామ ఊరుకోలేదు. ఫ్యాక్టరీ వాళ్ళు చేసింది వాళ్ళదని రాస్తాను, నేను చేసింది నాదని రాస్తాను అన్నాడు. రాయించాడు కూడా. నాలుగు లైన్ల రిపోర్ట్, కింద తమిళంలో సంతకం.

ఆ తర్వాత ముసలాయనకి చెయ్యి పోయింది, ఇక రేకు తడిమి చెప్పలేడని మీ సర్కిల్‌లో ప్రచారం మొదలైంది. ఎవరు మొదలుపెట్టారో నాకు తెలియదు. మామకి ఫోన్లు మాత్రం ఆగిపోయాయి.

"నాకు చెయ్యి పోయిందంట" అని అత్తతో నవ్వుతూ అనేవాడు. ఆ నవ్వు చూడలేక నేను వంటింట్లోకి వెళ్ళిపోయేదాన్ని.

రెండేళ్ళు చెయ్యి పోయిన మనిషి, కన్నుమూసిన రోజు సాయంత్రానికే మాస్టర్ అయ్యాడు. ఇక నోరు లేదు కదా, ఆయన పేరుతో ఏమైనా అనిపించొచ్చు అనుకున్నట్టున్నారు.

నాకు నోరుంది.

రిపోర్ట్ కాపీ ఈ పోస్ట్ కింద పెడుతున్నాను. మీ ఎక్స్‌పర్ట్‌ని పిలవండి. కారు కోయక్కర్లేదు, రంగు గీకక్కర్లేదు. ముందు చక్రం వంపు లోపల ఒక్క వేలు పెట్టమనండి చాలు.

మా ఇళ్ళల్లో తెలుగు మాట్లాడతారు, బడిలో తమిళమే కాబట్టి చదవరు. క్యాలెండర్ ప్రూఫులు చూసి చూసి నేను చదవడం, రాయడం నేర్చుకున్నాను. తమిళంలో, ఇంగ్లీషులో కూడా ఇదే పెడతాను. మామ ఆ మాట నాతో తెలుగులో చెప్పాడు, అందుకే ముందు తెలుగులో.

నిన్న ఆయన చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. వేళ్ళ చివర్లు ఇంకా గరుగ్గానే ఉన్నాయి. ఆ చెయ్యి ఎక్కడికీ పోలేదు. కడదాకా ఆయనకే ఉంది.

మామా, నీ అట్టలు రేపు తెచ్చి షెడ్డులో పెడతాను.

వెనక సగం వాళ్ళది. ముందు సగం నీది. ఈ మాట ఎవరినీ మార్చనివ్వను, నువ్వు నిశ్చింతగా పడుకో.