మిద్దె అంచుతో బేరం

ఆత్మకూరులో అంగళ్ల మధ్య పుట్టినవాణ్ణి. నాకు మాటలకంటే ముందు బేరం వచ్చిందంటారు మావాళ్లు. అలాంటి నేను ఉదయగిరిలో ఒక మిద్దె గోడ చేతిలో ఎంత ఘోరంగా ఓడిపోయానో చెబుతాను. నవ్వుకోండి, మా వీధిలో మాత్రం చెప్పకండి.

స్నేహితుడు ఖాదర్ చెల్లెలి పెళ్లి. మిద్దె అంచు చుట్టూ లైట్ల తాడు కట్టాలి. తెచ్చే పని నాది. ఖాదర్ ఫోన్లో కొలతలు చెప్పాడు.

"ముందు నలభై అడుగులు, ఎడమ ముప్పై, వెనక ఇరవై అయిదు, కుడి ఇరవై. వెనక మూల లోపలికి పోయుండాదిరా. ఆడ రెండు చిన్న గోడలు. ట్యాంకు అడ్డమొచ్చి టేపు పోలేదు."

లైట్ల అంగడి అక్క కాగితం మీద గీసి, రెప్పపాటులో "నూట నలభై" అంది.

నూట నలభయ్యా! నాలో బేరం బుస్సుమని లేచింది.

"అక్కా, మూల లేని మిద్దెకు నిండు మిద్దె కొలతేంది? పోయిన మూలకు తగ్గించు!"

"మూల పోతే అంచు పోదన్నా."

"పుచ్చు కోసేస్తే వంకాయ తూకం తగ్గదా?"

"ఇది తూకం కాదన్నా, చుట్టుకొలత!"

"ఏదైతేనేం, తగ్గాల్సిందే!"

అరగంట వాయించాను. చివరికి ఆమె తల పట్టుకుని నూట పదిహేను కోసిచ్చింది. కోట గెలిచిన రాజులా బస్సెక్కాను.

సాయంత్రం ముందు మూలనున్న స్విచ్ బోర్డు దగ్గర మొదలుపెట్టి, ఇంటి వెనకగా చుట్టుకుంటూ క్లిప్పులు కొట్టుకుంటూ వచ్చాం. ముందు గోడ మీద పదిహేను అడుగులు వెలిగాయో లేదో, తాడు అయిపోయింది! సరిగ్గా వాకిలి మీద చీకటి. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నేను అంగట్లో గెలిచి మిద్దెక్కి ఓడాను.

ఖాదర్ వాళ్లమ్మ మిషన్ కుడుతుంది. నా కథ విని నెత్తి కొట్టుకుంది.

"ఏంరా, జాకెట్టుకు చదరపు మెడ కత్తిరిస్తే లేసు తగ్గుద్దా? నలభైలో ఇరవై అయిదు పోతే ఒక గోడ పదిహేను. ముప్పైలో ఇరవై పోతే ఇంకోటి పది. టేపెందుకురా దీనికి? పెళ్లికొడుకోళ్లు సగం చీకటింట్లోకి రావాల్నా?"

వెనక లైట్లు పీకి ముందుకు తెద్దామనేలోగా పెళ్లికొడుకు కార్లు వీధి మలుపులో హారన్ కొట్టాయి!

"ఎక్కురా పిట్టగోడ!" అని గర్జించిందామె.

రెండు చేతుల్లో రెండు ఫోన్లు పట్టుకుని, వాటి టార్చిలు వెలిగించి, రెక్కలు చాచిన గబ్బిలంలా నిలబడ్డాను. కారు దిగిన పెళ్లికొడుకు మేనమామ పైకి చూసి అడిగాడు.

"ఆ పైన నిలబడిండేదెవరమ్మా?"

ఆమె తడుముకోకుండా చెప్పింది.

"తక్కువైన ఇరవై అయిదు అడుగులు!"

ఆ పిట్టగోడ మీదే, ఫోన్లెత్తిన చేతులతోనే ప్రతిజ్ఞ చేశాను: మనుషులతో ఎంతైనా బేరమాడతాను, గోడలు చెప్పిన కొలతకు మాత్రం నోరెత్తను, నోరు మూసుకుని దండం పెడతాను.