శుక్రవారం అని దిద్దాను

మొన్న మధ్యాహ్నం భోజనం చేసి పేపరు ముందేసుకుని కూర్చున్నప్పుడు, ఆఫీసులో నేను ఖాళీ చేసిన కుర్చీలో ఇప్పుడు కూర్చుంటున్న అమ్మాయి ఫోన్ చేసింది. రిటైరైన మనిషికి పాత ఆఫీసు నుంచి ఫోన్ వచ్చిందంటే పండగ శుభాకాంక్షలైనా అయి ఉండాలి, పాత కాగితమేదో అర్థం కాకపోయైనా ఉండాలి. దగ్గర్లో పండగలేవీ లేవు కనక కాగితమే అనుకున్నాను. అనుకున్నట్టే అయింది. గల్ఫ్‌లోని ఒక ఆసుపత్రుల సంస్థతో మేం రాసుకున్న ఒప్పందాన్ని ఇప్పుడు తిరగరాస్తున్నారట. వాళ్ల దేశంలో వారాంతపు సెలవు ఆదివారానికి మారిందట, అందుకని కంప్యూటర్లు ఆపి మరమ్మతులు చేసుకునే రోజును కూడా శుక్రవారం నుంచి ఆదివారానికి మార్చాలట. పాత ప్రతులు తిరగేస్తే మొట్టమొదటి చిత్తులో ఆదివారమనే ఉందని, దాన్ని కొట్టేసి శుక్రవారమని దిద్దింది నేనేనని తెలిసి, ఎందుకు దిద్దానో కనుక్కుందామని చేసింది. ఆ అమ్మాయికి రెండు మాటల్లో చెప్పాను. మీకు తీరిగ్గా చెబుతాను, మన వయసు వాళ్ల దగ్గర తీరిక తప్ప ఇంకేముంది కనక.

నేను కంప్యూటర్ ఇంజనీర్ని కాను. జూనియర్ కాలేజీలో కామర్సు పాఠాలు చెప్పుకుంటూ, నలభైకి దగ్గర పడుతుండగా, వాక్యం తిన్నగా రాస్తానన్న ఒక్క అర్హతతో మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరాను. చేయించుకునేవాళ్లకూ చేసిచ్చేవాళ్లకూ మధ్య ఒప్పందం రాయడం నా పని. అందులో రెండు భాగాలుండేవి. సాఫ్ట్‌వేర్ ఏమేం చేయాలన్నది మొదటిది: రోగి పేరు రాసుకోవాలి, డాక్టరు ఎప్పుడు ఖాళీయో చూపించాలి, బిల్లు వేయాలి. ఆ పనులన్నీ ఎలా చేయాలన్నది రెండోది: ఎంత వేగంగా, ఒకేసారి ఎంతమందికి, ఏ రోజు ఏ వేళ ఆగవచ్చు, ఆగితే ఎంతసేపట్లో లేవాలి. దీన్ని ఆఫీసులో నాన్ ఫంక్షనల్ అనేవాళ్లు. పెళ్లి సంబంధం చూసేటప్పుడు అబ్బాయి ఏం చేస్తుంటాడని అందరూ అడుగుతారు గానీ, కోపమొస్తే ఎంతసేపటికి దిగుతుంది, ఆదివారాలు ఇంట్లో ఉంటాడా అని ఎవరూ అడగరు కదా, అలాగే ఈ రెండో భాగం గురించీ ఎవరూ అడిగేవారు కాదు. కాపురం మొదలయ్యాక ఏడిపించేది మాత్రం అదే.

ఎవరూ అడగరు కనక దాన్ని కొత్తగా రాసే అలవాటూ లేదు. పాత ఒప్పందంలోంచి ఆ అధ్యాయాన్ని ఎత్తి కొత్తదాంట్లో పెట్టి, కంపెనీ పేరు ఒక్కటీ మార్చేవాళ్లు. ఒకసారి ఎండలు మండిపోయే దేశానికి పంపిన కాగితాల్లో మంచు తుపాను వస్తే ఏం చేయాలో కూడా ఉండిపోయింది. పెళ్లికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్లడమంటే ఇదేనని నేను నవ్వితే, పిల్లి ఉంటే ఉండనివ్వండి, సంతకం అయితే చాలన్నాడు మా మేనేజరు.

ఆసుపత్రుల ఒప్పందానికీ అదే జరిగింది. యూరప్‌లో ఏదో బ్యాంకు కోసం రాసిన అధ్యాయం ఇందులోకి వచ్చి కూర్చుంది. ప్రతి ఆదివారం పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా మరమ్మతుల కోసం కంప్యూటర్లు ఆపుతామని అందులో ఒక వాక్యం. క్యాంటీన్లో టీ తాగుతూ దాన్ని చదువుతుంటే, మేం హఫీజ్‌పేటలో కిరాయికున్నప్పటి పక్క వాటా ఆవిడ గుర్తొచ్చింది. ఆవిడది కరీంనగర్ వైపు, భర్త గల్ఫ్‌లో ఉండేవాడు. మిగతా రోజుల్లో ఎక్కడికి రమ్మన్నా వచ్చేది గానీ శుక్రవారం మాత్రం గడప దాటేది కాదు, కూరగాయలకు కూడా నా చేతికే సంచి ఇచ్చేది. అక్కడ వాళ్లకు ఆ రోజే సెలవట, ఆ రోజే ఫోన్ చేస్తాడట. మరి అక్కడ శుక్రవారం సెలవైతే ఆదివారం నిండు పని రోజు. ఆసుపత్రికి జనం తోసుకుంటూ వచ్చే వేళకు సరిగ్గా మేం కంప్యూటర్లు ఆపేస్తామని రాసిపెట్టాం. టీ అక్కడే వదిలేసి లేచాను.

సంతకాల ముందు జరిగిన ఆఖరి సమావేశానికి ఆ సంస్థ తరఫున ఒక పెద్దాయన వచ్చాడు. అందరి ముందూ ఆ వాక్యం చదివి, ఆదివారం కాదు, శుక్రవారం ఉండాలని చెప్పాను. మా మేనేజరు తన బూట్లకేసి చూసుకున్నాడు. పెద్దాయన ఆ పేజీని మళ్లీ చదువుకుని, మా ఆసుపత్రి ఎలా నడుస్తుందో ఇక్కడ ఆలోచించింది ఈవిడ ఒక్కరే, మా పని చూసుకోవడానికి ఈవిడే కావాలి అన్నాడు. అలాంటి ఒప్పందాల్లో ముఖ్యమైన మనుషుల పేర్లు రాసే ఆనవాయితీ ఉంది. ఒకసారి రాశాక అవతలివాళ్లు సరేనంటే తప్ప ఆ మనిషిని మార్చకూడదు. నా పేరు రాశారు. అబద్ధమెందుకు, నా అంతటి దాన్ని నేనేనని ఆ సాయంత్రం పొంగిపోయాను, దారిలో దిగి మైసూర్ పాక్ కొనుక్కుని మరీ ఇంటికెళ్లాను.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను రచ్చ గెలిచి వచ్చేసరికి ఇల్లు చేజారింది. వాళ్లకు ఆదివారం పని కనక నాకూ ఆదివారం పనే. శుక్రవారం వాళ్లకు సెలవు, కానీ మరమ్మతులు ఆ రోజే కనక నాకు అదీ పనే. మిగిలింది శనివారం. మా వారు నీటిపారుదల శాఖలో ఉద్యోగి. ఆయనకు ఆదివారాలు సెలవు, శనివారాల్లో రెండోది ఒక్కటే సెలవు. అంటే ఒక్క ఇంట్లో ఉంటూ మా ఇద్దరికీ కలిసొచ్చే సెలవు నెలకొకటి. మాకు పిల్లలు లేరు, ఇంట్లో ఇంకొకరు ఉండి ఉంటే ఆ లోటు అంతగా తెలిసేది కాదేమో. లెక్క తేలిన రోజున ఆయన క్యాలెండర్ ముందు కాసేపు నిలబడి, నవ్వుతూనే అన్నారు.

"ఆదివారం నాది, శనివారం నీది. రెండో శనివారం మనది. బావుందోయ్."

ఆ బావుందోయ్‌లో నవ్వు ఎంతో, తక్కినదెంతో అప్పుడు తూచలేదు. ఆదివారం పొద్దున్నే ప్రగతి నగర్‌లో మా ఇంటి ముందు ఆఫీసు క్యాబ్ ఆగేది. నిజాంపేట దాటాక రోడ్లన్నీ ఖాళీగా, దుకాణాల షట్టర్లు దించి, హైటెక్ సిటీలో మేడలన్నీ తాళం పడినట్టుండేవి. మా డ్రైవరుది నల్లగొండ జిల్లా, చిన్నపాప ఉండేది. మీ పాప ఆదివారం నీకోసం ఏడవదా అని ఒకసారి అడిగితే, అద్దంలో నావైపు చూడకుండా చెప్పాడు. "ఇగ మా ఇంట్ల ఆదివారం అనుడే బంద్ పెట్టినం మేడమ్." ఆ తర్వాత నేనూ మా ఇంట్లో ఆ మాట అనడం తగ్గించాను.

అరవై మంది కూర్చునే గదిలో ఆదివారాలు నేనూ, సెక్యూరిటీ అబ్బాయీ, ఏసీ హోరూ. ఆసుపత్రి కంప్యూటర్లు ఎలా ఉన్నాయో తెరమీద పచ్చ చుక్కలు చెబుతుండేవి. అవి పచ్చగా ఉన్నంతసేపూ నాకు పనేమీ ఉండదు, ఉండకూడదు కూడా. అంటే ఏమీ జరగకుండా చూసుకోవడమే నా ఉద్యోగం. మధ్యాహ్నం డబ్బా విప్పితే ఆయన పొద్దున్నే లేచి పోసిన పెసరట్లు చల్లారి ఉండేవి. ఇంట్లో ఆయన కూడా అవే తింటుంటారని తెలుసు, ఫోన్ చేసి తిన్నారా అని అడిగితే తిన్నాననేవారు, నువ్వు అనేవారు, తింటున్నాననేదాన్ని. అంతే. ఇక రెండో శనివారాలు చూడాలి. నెలంతా దాచుకున్న కబుర్లన్నీ ఆ రోజు చెప్పుకోవాలనుకునేవాళ్లం, తీరా ఆ రోజు వచ్చాక ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, చుట్టాలింటికి వెళ్లినవాళ్లలా ఒకరికొకరం మర్యాదలు చేసుకునేవాళ్లం.

కొన్నాళ్లకు ఆయన ఆదివారాలు మా ఇంటి దగ్గరి చెరువు కట్ట మీద నడకకు వెళ్లడం మొదలుపెట్టారు. అక్కడ మరో నలుగురు కలిశారు, నడక అయ్యాక బండి దగ్గర ఇడ్లీ, కాలక్షేపం. నాకు సంతోషంగానే ఉండేది, పోనీలే, మనిషి ఒంటరిగా లేడని. అలా పదేళ్లు దాటిపోయాయి. ఇద్దరం కొన్ని నెలల తేడాలో రిటైరయ్యాం. నా మొదటి ఆదివారం పొద్దున్న లేచి, స్నానం చేసి, ఇవాళ ఏం వండమంటారని అడుగుదామని హాల్లోకి వచ్చేసరికి ఆయన బూట్ల తాళ్లు కట్టుకుంటున్నారు. నన్ను చూసి ఒక్క క్షణం ఆగి, నువ్వూ వస్తావా అన్నారు. అందులో ప్రేమకు లోటేమీ లేదు. కాకపోతే ఆ అడగడం ఇంటికొచ్చిన అతిథిని అడిగినట్టుంది. మీరు వెళ్లిరండి అన్నాను. తలుపు వేసుకుని కూర్చుంటే, అన్నేళ్లు ఎదురుచూసిన ఆదివారం నా ఎదురుగానే ఉంది, నాకు దానితో ఏం చేయాలో తెలియలేదు.

తర్వాత ఒక్కసారి మాత్రం వెళ్లాను. ఆయనా, ఆ నలుగురూ ముందు, నేను రెండడుగులు వెనక. ఎవరూ పెద్దగా మాట్లాడలేదు, మోకాళ్ల నొప్పుల గురించీ కరెంటు గురించీ ఏదో రెండు ముక్కలు. ఈ చప్పటి మనుషుల కోసమా ఈయన ఇంత పొద్దున్నే లేస్తున్నారనుకుని మళ్లీ వెళ్లలేదు.

రెండేళ్ల కిందట ఆయన పోయారు. పెద్దగా జబ్బు పడలేదు, ఎవరినీ ఇబ్బంది పెట్టలేదు. పదో రోజున ఆ నలుగురూ వచ్చారు. వాళ్లలో సిద్దిపేట వైపు నుంచి వచ్చిన రిటైర్డ్ మేస్టారు ఆయన ఫొటోకు దండం పెట్టి, నా దగ్గరికి వచ్చి కూర్చున్నాడు.

"సార్ పాట లేకుంట మాకు ఆదివారమే కాదమ్మా. కట్ట మీద అందరు నిలబడి వినేటోళ్లు. మీరొచ్చిన్నాడు ఒక్కనాడే పాడలే. సిగ్గయితందన్నడు."

ముప్పై ఏళ్ల కాపురంలో మా వారు కూనిరాగం తీయగా కూడా నేను వినలేదు. తలూపి, కాఫీ తాగి వెళ్లమన్నాను. లోపలికి వెళ్లి గ్యాసు వెలిగించి, ఎందుకు వెలిగించానో మరిచిపోయి అలాగే నిలబడిపోయాను.

మొన్న ఆ అమ్మాయికి ఇదంతా చెప్పలేదు. అక్కడ సెలవు శుక్రవారం కనక దిద్దానని మాత్రం చెప్పాను. ఆ అమ్మాయి సంబరంగా ఇంకో మాట చెప్పింది: కొత్త ఒప్పందంలో తన పేరు రాస్తామంటున్నారట. ఆదివారాలు మరమ్మతు పని తనే చూడాలట. మీ ఇల్లెక్కడమ్మా అని అడిగాను. మణికొండలోనట. పెళ్లయి ఏడాది కాలేదట. భర్త వేరే కంపెనీలో చేస్తాడట, అతనికి ఆదివారం ఒక్కటే సెలవట. అన్నీ గలగలా చెప్పుకుపోతోంది, తను ఏం చెబుతోందో తనకు తెలియడం లేదు.

"ఒక్కదాని పేరే రాయనివ్వకమ్మా. నలుగురి పేర్లు రాయించు, వంతులు వేసుకోండి" అన్నాను.

ఆ అమ్మాయి గొంతు తగ్గించి అడిగింది, "అలా అడగొచ్చా మేడమ్?"

"అడగొచ్చు" అన్నాను. ఇన్నేళ్లలో ఆ మాట నాతో నేనైనా అనుకోలేదు. ఏ తెర ఎన్ని క్షణాల్లో రావాలో, ఏ యంత్రం ఎన్ని గంటలు పడుకోవచ్చో పేజీలకు పేజీలు రాశాను, దాని పక్కన కూర్చునే మనిషి సంగతి కూడా ఆ అధ్యాయంలోదేనని నాకు తట్టలేదు. ఆ అమ్మాయి అడుగుతుందో లేదో తెలియదు. అడిగితే బాగుండును.

ఇప్పుడు నాకు ఏడు రోజులూ సెలవే. ఈ చెరువు చుట్టూ మేడలు లేచాయి, రోడ్డు మీద ఆదివారానికీ సోమవారానికీ పెద్ద తేడా లేదు, పొద్దున్నే సరుకులు తెచ్చే కుర్రాళ్ల బళ్లు తిరుగుతూనే ఉంటాయి. అయినా ఆదివారం తెల్లారగానే బాల్కనీలోకి వెళ్లి నిలబడతాను. కట్ట మీద ఆ నలుగురూ నడుస్తూ కనిపిస్తారు, నన్ను చూసి చెయ్యి ఊపుతారు, నేనూ ఊపుతాను. ఒక్కసారి కిందికి దిగి, ఆయన ఏ పాట పాడేవారు, గొంతు ఎలా ఉండేదని అడుగుదామనుకుంటాను. ఆ అమ్మాయితో అంత ధైర్యంగా అడగొచ్చని చెప్పాను గానీ, కట్టుకున్న మనిషి గొంతు ఎలా ఉండేదని పరాయివాళ్లను ఏ ముఖం పెట్టుకుని అడగను?