కత్తిపీట మీద సగం చేసిన మాత్ర

మొన్న చింతాద్రిపేటలో మందుల షాపు ముందు నా రక్తపోటు మాత్రల కోసం నిలబడి ఉంటే, నాకంటే ముందున్న ఒకావిడ పిల్లవాడి ఉబ్బసానికని చీటీ అందించింది. షాపతను పట్టీలోంచి కొన్ని మాత్రలు కత్తెరతో కత్తిరించి, కాగితం సంచిలో పడేసి ఆవిడ చేతిలో పెట్టాడు. ఆ మాత్ర పేరు నేను చదివాను. చదివి ఊరుకుంటే నేను నేనెందుకవుతాను? ఎన్నాళ్ళు వాడాలో, ఎలా మానాలో ఆవిడకు చెప్పవేమయ్యా అని తగాదా వేసుకున్నాను. డాక్టరు చెప్పుంటారులేమ్మా అని అతను నా చీటీ అందుకున్నాడు. నేను తిరిగి చూసేసరికి ఆవిడ బస్సెక్కేసింది.

నా ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, యాభైలలో మద్రాసులో ఉబ్బసం పిల్లలు ఎలా ఉండేవాళ్ళో. ఒళ్ళో దిండు పెట్టుకుని దానిమీదికి వంగి కూర్చునే నిద్రపోయేవాళ్ళు, రొమ్ములో పిల్లికూతలు, శ్వాసశ్వాసకూ ఎగిరే డొక్కలు, పదేళ్ళ వయసుకు ఆరేళ్ళ ఒళ్ళు. తాయెత్తులు కట్టేవాళ్ళు, ఉమ్మెత్తాకు కాల్చి పొగ పట్టేవాళ్ళు, మరీ ముదిరితే రిక్షాలో పడేసుకుని ఆసుపత్రికి తెచ్చేవాళ్ళు. అక్కడ సూదిమందు పొడిస్తే గుండె దడదడలాడుతూ కాస్త తేరుకునేవాళ్ళు, వారం తిరక్కుండా మళ్ళీ అదే మంచం. పాత రోజులు బంగారమని రాసేవాళ్ళను ఆ వార్డులో ఒక్క పూట కూర్చోబెట్టాలని నాకు చాలాసార్లు అనిపించింది.

బి.ఎస్సీ. ప్యాసయిన ఏడాది నాకు ఆ వార్డులోనే ఉద్యోగం దొరికింది. అప్పుడే విదేశాలనుంచి వచ్చిన స్టెరాయిడ్ మాత్రను, మొన్న షాపులో నేను పేరు చదివిన జాతిదాన్నే, మా పెద్ద డాక్టరు ఉబ్బసం ముదిరిన పిల్లల మీద పరీక్షిస్తున్నారు. సగం మంది పిల్లలకు అసలు మాత్రలు, తక్కిన సగానికి చూడడానికి అచ్చం అలాగే ఉండే ఉత్త పిండి మాత్రలు. సీసా మీద నంబరే తప్ప పేరుండదు, ఏ నంబరులో ఏముందో తెలిపే కాగితం సీలు వేసిన కవరులో ఇనప్పెట్టెలో ఉండేది. ఆ సంగతి డాక్టరుకూ తెలియదు, నాకూ తెలియదు. మీ బిడ్డకు పిండి పడవచ్చునని తల్లులకు చెప్పాలన్న ఆలోచన ఆనాడు ఎవరికీ రాలేదు. వచ్చి ఉంటే నేనే కాదని వాదించేదాన్నేమో, అంత చదువుకున్న మూర్ఖత్వం నాది. వారానికోసారి ఇళ్ళకు వెళ్ళి, సీసాలో మాత్రలు లెక్కపెట్టి, పిల్లల ఆయాసం ఎలా ఉందో రాసుకు రావడం నా పని. చూలై, వాషర్‌మెన్‌పేట్ వీధుల్లో నన్ను మాత్రలమ్మ అనేవాళ్ళు. మాత్ర ఒక్క పూట కూడా మానకూడదు, ఎప్పటికైనా డాక్టరే కొంచెం కొంచెంగా తగ్గించి మాన్పిస్తారు అని ప్రతి గడపలోనూ చిలక్కి చెప్పినట్టు చెప్పేదాన్ని.

చూలైలో ఒకే ఇంటి ముందువాటాలో ఒక పిల్లవాడు, వెనకవాటాలో ఒక ఆడపిల్ల మా పరీక్షలో ఉండేవాళ్ళు. ముందువాటా తండ్రి అచ్చాఫీసులో పనిచేసేవాడు, వెనకవాటా తండ్రి రైలుస్టేషనులో కూలీ. వీళ్ళ గోడ మీద దేవుడి పటాలు, వాళ్ళ గోడ మీద శిలువ, మధ్యలో ఒకే కొళాయి. ఇద్దరు బిడ్డలనూ ఒకే ఇంటినుంచి తీసుకోకూడదని మాలో ఒక్కరికీ తోచలేదు. మూడు నెలలకు ఇద్దరూ తేరుకున్నారు. వాడు కొంత, ఆ పిల్ల కొంత, దాదాపు సమానంగా. తొమ్మిదేళ్ళకు మొదటిసారి ఆ పిల్ల పలక పట్టుకుని ఎవరూ ఎత్తుకోకుండా బడికి నడిచి వెళ్ళింది. వీధి మలుపు దాకా వాళ్ళమ్మ వెనకాలే వెళ్ళి, అక్కడ గోడకు ఆనుకుని నిలబడిపోయిందట. లెక్క చూస్తే రెండు సీసాల్లోనూ మాత్రలు సరిగ్గా ఉండేవి. నా పుస్తకంలో ఆ ఇల్లు అన్నిటికంటే శుభ్రంగా ఉండేది.

అరవవాళ్ళ ఐప్పసి నెల వానలు మొదలైన ఒక పొద్దున, వెళ్ళవలసిన వేళకంటే ముందే వెళ్ళాను. ముందువాటా తల్లి కత్తిపీట ముందు కూర్చుని, చింతపండు ముక్క కోసినంత నేర్పుగా మాత్రను సగం చేస్తున్నది. పక్కన మూతలు తీసిన రెండు సీసాలు. ఎదురుగా ఇద్దరు పిల్లలు నోళ్ళు తెరిచి కూర్చున్నారు. ఈ సీసాలోదొక సగం, ఆ సీసాలోదొక సగం, ఇద్దరికీ. మొదటి రోజునుంచీ అలాగేనట.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇదేమన్నా లడ్డూనా పంచుకు తినడానికని అరిచాను.

"లడ్డూ అయితే ఆ పిల్లకే ఒక ముక్క ఎచ్చు పెడతాం, మాత్ర గాబట్టి సమానంగా పెడతా ఉండాం" అంది ఆమె తొణక్కుండా. "ఎదురుగా ఇంకో బిడ్డ చూస్తా ఉంటే నా బిడ్డకొక్కడికే ఎట్ట పెట్టేది మాత్రలమ్మా? ఒంటికి పడతాదా అది?"

ఆ ఇంటి కట్టుబాటు అది. పండైనా, పాయసమైనా, ఒక బిడ్డ చూస్తుండగా ఇంకో బిడ్డకు పెట్టకూడదు. మందుకు అది వర్తించదని నేనొక గంట వాదించాను. వెనకవాటా తల్లి తడిచేతులతో వచ్చి నిలబడి, "ఇప్పుడిప్పుడే నా కూతురు బడి మొకం చూసింది, దాన్ని చెరపబాక తల్లీ" అంది. చివరికి నా దగ్గరున్న పెద్ద ఆయుధం తీశాను, ఇక ముందు పంచుకుంటే ఆసుపత్రివాళ్ళు ఇద్దరికీ మందు ఆపేస్తారని. ఎవరి సీసా వాళ్ళ వాటాలో పెట్టించి, ఆ పూట మాత్రలు నా కళ్ళ ఎదుటే మింగించి, గెలిచి బయటికి వచ్చాను. డాక్టరుకు చెప్పలేదు. చెబితే మూడు నెలల నా శుభ్రమైన పుస్తకం ఏమయ్యేది?

అయిదో రోజు మధ్యాహ్నం వాన జోరుగా కురుస్తుండగా ఆ పిల్లను రిక్షాలో తెచ్చారు. పెదవులు నేరేడు పండు రంగుకు తిరిగాయి. సూదులు వేశారు, ఆక్సిజన్ పెట్టారు, ఏదీ పట్టలేదు. దీపాలు పెట్టే వేళకు ముందే పోయింది. అప్పుడు డాక్టరుకు అంతా చెప్పాను. ఆయన కవరు తెరిపించారు. ఆ పిల్ల నంబరు పిండి మాత్రలది. మూడు నెలలుగా ఆ ఒంటికి అలవాటైన మందు పక్కవాటా బిడ్డ సీసాలోది. దాన్ని ఉన్నపళంగా ఆపించింది నేను, ఊరందరికీ ఆపకూడదని పాఠం చెప్పినదాన్ని.

డాక్టరు నన్ను తిట్టలేదు. స్కేలు పెట్టి ఇద్దరి పేర్ల మీదా ఎర్ర గీత కొట్టారు, నియమం తప్పిన కేసులు పరీక్షలోకి రావు గనక. వరండాలో ముందువాటా తల్లి నా చెయ్యి పట్టుకుని, "ఒక ముక్క దానికి పెట్టున్నా బతికుండునే, నీ మాట విన్నానే పాపిష్టిదాన్ని" అని ఏడ్చింది. ఆమె చెప్పింది అక్షరాలా నిజమని ఆ వరండాలో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. వెనకవాటా తల్లి మాత్రం దేవుడు పిలుచుకున్నాడనుకుంది. ఆమెకు నేను ఈనాటి వరకూ చెప్పలేదు.

ఆ నెలలోనే ఉద్యోగం మానేసి బళ్ళో పంతులమ్మనయ్యాను. కొన్నాళ్ళకు డాక్టరుగారి వ్యాసం అచ్చయింది. మాత్ర పిల్లలకు మేలు చేస్తుందని ఉంది, చేసింది కూడా, ఎందరో బతికారు. నేను చివరి పేజీ దాకా వేలు పెట్టి వెతికాను. పోయినవాళ్ళ లెక్కలోనూ ఆ పిల్ల లేదు.

ఇప్పుడు తల్లిదండ్రులకు అంతా వివరించి సంతకం తీసుకోనిదే ఏ పరీక్షా మొదలుపెట్టరంటారు. అలాగే ఉండాలి, దానికోసం ఎవరితోనైనా పోట్లాడతాను. చూలైలో ఆ ఇల్లు పడగొట్టి నాలుగంతస్తులు కట్టారు. వాటాకొక కొళాయి, వాటాకొక తలుపు. ఎవరి బిడ్డ మందు వాళ్ళ అలమరలో క్షేమంగా ఉంటుంది, ఎవరూ దాన్ని సగం చెయ్యరు. మంచిదే. కాకపోతే ఆ తలుపుల వెనక ఏ బిడ్డ డొక్కలెగరేస్తూ కూర్చుని ఉందో, పక్కవాటాలో వంట చేసుకునే తల్లికి ఇప్పుడు తెలియదు.