ఒక్క చెంచా నాగభూషణం గారు

నాగభూషణం గారిలో వంక పెట్టడానికి ఉన్నది ఒకే ఒక్కటి. ఎదుటివాళ్ళ చేతిలో తినేదిగానీ తాగేదిగానీ కనబడితే, ఒక్క చెంచా రుచి చూడందే ఆయన అక్కడి నుంచి కదలలేరు. ఆయన కొలతలో ఒక్క చెంచా అంటే ఎంతో ఆర్.కె. పురంలో మా బ్లాకు మొత్తానికీ తెలుసు. గిన్నె అడుగు కనబడేదాకా అని అర్థం.

మనిషి సన్నగా, పొడుగ్గా, ఎండబెట్టిన మునక్కాయలా ఉండేవారు. తిన్నదంతా ఎక్కడికి పోతుందో ఆయన భార్య హైమవతి గారికే అంతుపట్టేది కాదు. సొంత ఊరు నెల్లూరు దగ్గర. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగంలో ఢిల్లీ వచ్చి ముప్ఫయ్యేళ్ళు దాటినా ఆయన మాటలోంచి నెల్లూరు పోలేదు, పైగా హిందీలోకి కూడా ఎక్కింది. మా పై వాటాలో ఉండేవారు. మా పోపు వాసన పైకి వెళ్ళేలోగా ఆయన కిందికి దిగేవారు.

మార్కెట్లో ద్రాక్షపళ్ళు పుల్లగా ఉన్నాయో తియ్యగా ఉన్నాయో తేల్చుకోవడానికి ఆయనకి ఒక గుత్తి పట్టేది, అయినా తేలేది కాదు. ఒకరోజు బండి భయ్యా విసిగిపోయి, "అంకల్‌జీ, ముందు మిమ్మల్ని తూకం వేస్తాను, తిన్నాక మళ్ళీ వేస్తాను, తేడా ఎంతో చూసుకుందాం" అన్నాడట. ఆ సంగతి మాకు వచ్చి చెప్పిందీ ఆయనే. మరోసారి మా రెండు కుటుంబాలూ అశోకా రోడ్‌కి ఆంధ్రా భోజనానికి వెళితే, పక్క బల్ల మీద ఎవరో ఇంటి నుంచి తెచ్చుకున్న పచ్చడి సీసా ఆయన కంట పడింది. మేము భోజనం ముగించి చేతులు కడుక్కుని వచ్చేసరికి ఆ పెద్దమనిషీ ఈయనా వరసలు కలుపుకుని చుట్టాలైపోయారు. సీసా ఖాళీ అయిపోయింది.

ఇదంతా నవ్వుకోవడానికి బాగానే ఉండేది, ఆయన నా మందుల మీద పడేవరకూ.

రెండువేల ఆరులో నాకు రొమ్ము క్యాన్సరని తేలింది. ఆపరేషను, కీమో, రేడియేషను అన్నీ పూర్తయ్యేసరికి మరుసటి ఏడు ఎండాకాలం వచ్చింది. రోజుకొక మాత్ర చొప్పున అయిదేళ్ళు వేసుకోమనీ, అప్పుడప్పుడూ వచ్చి చూపించుకోమనీ డాక్టరుగారు చెప్పారు. ఇంకేమిటండీ అని అడిగితే అంతే అన్నారు. ఆ 'అంతే' అన్న మాటకి నాకు గుండె జారిపోయింది. వైద్యం జరుగుతున్నన్నాళ్ళూ ఎవరో ఒకరు నాకోసం ఏదో ఒకటి చేస్తున్నారన్న ధైర్యం ఉండేది. ఇప్పుడు చేతులు ముడుచుకుని కూర్చుంటే, జబ్బు మళ్ళీ తలుపు తోసుకుని వస్తుందేమోనని భయం. అందుకని ఎవరేం తినమంటే అది తినడానికి సిద్ధపడ్డాను.

చెప్పేవాళ్ళకి కొరత లేదు. ఎదురింటి పంజాబీ ఆవిడ కుండీల్లో పెంచిన గోధుమగడ్డి రసం పంపేది. మావారు రాజగోపాల్ ఆఫీసులో ఒకాయన హరిద్వార్ నుంచి కలబంద సీసాలు తెచ్చిచ్చాడు. ఒకరు అవిసె గింజలన్నారు, ఒకరు సోయా మాత్రలన్నారు, ఒకరు పసుపు నింపిన గొట్టం మాత్రలన్నారు. పాలు మానెయ్యమన్నవాళ్ళూ, పాలు తప్ప అన్నీ మానెయ్యమన్నవాళ్ళూ ఒకే సోఫా మీద కూర్చుని టీ తాగి వెళ్ళారు. నాకు పుట్టుకతో వచ్చిన లోపం ఒకటుంది, ఎవరికీ వద్దని చెప్పలేను. వంటింటి గట్టు మీద పప్పుల డబ్బాలకి చోటు లేకుండా పోయింది.

సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే నాగభూషణం గారు సరాసరి ఆ గట్టు దగ్గరికి వచ్చేవారు.

"ఏందమ్మా ఇది, కొత్తగా ఉండాదే. ఒక్క చెంచా చూస్తా."

గోధుమగడ్డి రసం తాగి కాసేపు కళ్ళు మూసుకుని, ఇన్నేళ్ళకి మా ఊరి గేదెల మీద గౌరవం కలిగిందమ్మా అన్నారు. కలబంద రసం తాగి, ఇది తాగాల్సిన వస్తువు కాదు, పోస్టాఫీసులో కవర్లు అతికించుకోవాల్సింది అన్నారు. అలాగని అక్కడితో వదిలిపెట్టేవారు కాదు. ఒక్క చెంచాతో తీర్పు చెప్పడం అన్యాయమంటూ సీసాని చంకలో పెట్టుకుని పైకి వెళ్ళిపోయేవారు. నాలుగు రోజుల తర్వాత కడిగిన సీసా తిరిగి వచ్చేది. హైమవతి గారు సీసా ఉత్తగా పంపేవారు కాదు, అందులో ఏదో ఒక కారప్పొడి పోసి పంపేవారు.

బ్లాకులో గుసగుసలు మొదలయ్యాయి. జబ్బు మనిషి నోటి దగ్గరిది లాక్కుని తింటున్నాడని ఎదురింటావిడ అందరితోనూ అంది. మా అమ్మాయి నేహా ఆయనకి 'డస్ట్‌బిన్ అంకుల్' అని పేరు పెట్టి నాచేత తిట్లు తింది. మావారు అసలే నెమ్మదస్తులు, ఆయన కూడా ఒకరోజు అడిగేశారు.

"జబ్బు చేసింది నీకా, ఆయనకా?"

ఈలోగా చలికాలం వచ్చింది. డాక్టరుగారిచ్చిన మాత్రతో నాకు ఒంట్లోంచి ఉన్నట్టుండి ఆవిర్లు వచ్చేవి. డిసెంబరు నెలలో నేను పనిచేసే ఆఫీసులో అందరూ శాలువాలు కప్పుకుని హీటరు చుట్టూ చేరితే, నేను కిటికీ తెరుచుకుని ఫైలుతో విసురుకుంటూ కూర్చునేదాన్ని. మా సెక్షనులో నన్ను చూసి జాలిపడాలో, కిటికీ వేయమని తిట్టాలో తెలియక నలిగిపోయేవారు. రాత్రి నిద్ర ఉండేది కాదు. ఈ మాత్ర అయిదేళ్ళు ఎలా మింగుతానురా భగవంతుడా అనుకుంటున్న రోజుల్లో ఫరీదాబాద్ నుంచి కమలాకుమారి వదిన దిగింది.

వదిన అంటే మావారికి పెద్దమ్మ కూతురు. ఒకరిని చేర్చుకుంటే వాళ్ళు ఇంకొకరిని చేర్చుకునే వ్యాపారం ఒకటి అప్పట్లో కొత్తగా పట్టుకుంది. మనసు మంచిదే. తాను అమ్మేదాన్ని తానే అందరికంటే ఎక్కువ నమ్మేది. పెద్ద డబ్బా ఒకటి బల్ల మీద పెట్టి, ఇది ఆడవాళ్ళ కోసమే చేసిన మూలికల పొడి అంది. పొద్దునా సాయంత్రం పాలలో కలుపుకు తాగితే ఆవిర్లు పోతాయిట, నిద్ర పడుతుందిట, జబ్బు మళ్ళీ ఈ ఛాయలకి రాదట.

"ఇది మొదలుపెట్టాక ఆ ఇంగ్లీషు మాత్రతో పనిలేదు అరుంధతీ. హాయిగా మానెయ్యి" అంది వదిన.

మానెయ్యి అన్న మాట చెవిన పడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. నిజం చెప్పాలంటే ఆ మాట ఎవరైనా అంటారేమోనని నెల రోజులుగా ఎదురు చూస్తున్నాను. రేపటి నుంచే మొదలుపెడతానని చెప్పాను. సరిగ్గా అప్పుడే నాగభూషణం గారు లోపలికి వచ్చారు. వదిన డబ్బా మీద చెయ్యి అడ్డం పెట్టింది. ఇది ఆడవాళ్ళకి మాత్రమే బాబాయి గారూ అంది. ఆడవాళ్ళకి మంచి చేసేది మగవాళ్ళకి చెడు చేస్తుందా తల్లీ అంటూ ఆయన చెంచా తీశారు. పొడి నోట్లో వేసుకున్నారు. మొహం ఒకసారి ఎర్రబడి, తరవాత తెల్లబడింది. అయినా డబ్బా మూత బిగించి, అలవాటు ప్రకారం చంకలో పెట్టుకున్నారు.

నాకు కోపం ఆగలేదు. ఆయన వయసూ, మా మధ్య ఉన్న మర్యాదా అన్నీ మరిచిపోయాను.

"బాబాయి గారూ, అది తినుబండారం కాదు, నా ప్రాణం. నా డబ్బా నాకిచ్చి వెళ్ళండి."

ఆయన గుమ్మంలో ఆగి వెనక్కి తిరిగారు. ఎప్పుడూ ఉండే నవ్వు లేదు.

"ఇస్తానమ్మా. బుధవారం దాకా ఓర్చుకో. అందాకా ఆ మాత్ర మాత్రం మానొద్దు. నా మాట విను" అని డబ్బాతో సహా మెట్లెక్కి వెళ్ళిపోయారు.

వదిన ఆయన్ని తిట్టిన తిట్లకి పైన హైమవతి గారి కిటికీ రెక్కలు కూడా సిగ్గుపడి ఉంటాయి. వచ్చే ఆదివారం ఇంకో డబ్బా తెస్తానని చెప్పి ఫరీదాబాద్ బస్సెక్కింది.

ఆ బుధవారమే నేను ఆసుపత్రిలో చూపించుకోవాల్సిన రోజు. మావారితో కలిసి వెళ్ళాను. వరండాలో నా పేరు పిలిచేదాకా కూర్చుందామని చోటు వెతుక్కుంటుంటే, డైటీషియన్ గది ముందు బెంచీ మీద వెదురుగడలాంటి మనిషి ఒకాయన ఒళ్ళో సంచీ పెట్టుకుని కనిపించారు. నాగభూషణం గారు. సంచీలోంచి వదిన డబ్బా మూత బయటికి తొంగి చూస్తోంది. మమ్మల్ని చూసి ఆయన దాన్ని తువ్వాలుతో కప్పబోయారు, కానీ అప్పటికే లోపలి నుంచి పిలుపు వచ్చేసింది.

"రండి అంకుల్. ఈ వారం ఏం తెచ్చారు?"

పిలిచినావిడ షారన్, తెనాలి అమ్మాయి, అక్కడ డైటీషియన్. నన్ను ఆయన కూతుర్ని అనుకుంది. ఆయన వద్దని సైగ చేస్తున్నా ఆ పిల్ల గమనించకుండా అంతా చెప్పేసింది. అయిదారు నెలలుగా చాలా బుధవారాలు ఆయన ఇలా సంచీతో వస్తున్నారట. సీసా మీదున్న ప్రతి ముక్కా చదివించుకుని, మా అమ్మాయి ఫలానా మాత్ర వేసుకుంటోంది, దానితో ఇది పడుతుందా పడదా అని అడిగేవారట. పనికొచ్చేది ఏది, పనికిరానిదేది, పనికిరాకపోయినా చెడు చెయ్యనిదేది అని మూడు రకాలుగా విడదీసుకుని వెళ్ళేవారట.

"అడిగి తెలుసుకోవడం మంచిదే అక్కా. కానీ మీ నాన్నగారు ముందు తాను తినేసి తరవాత అడుగుతారు. అదొక్కటీ మానమని చెప్పండి" అంది షారన్.

తరవాత వదిన డబ్బా తిప్పి తిప్పి చూసింది. అందులో మూలికలు కొన్ని ఒంట్లో హార్మోనులాగా పనిచేసే రకమనీ, మిగతావేమిటో డబ్బా మీద సరిగా రాయనే లేదనీ చెప్పింది. నేను వేసుకునే మాత్రకి ఇవి అడ్డం పడతాయో లేదో గట్టిగా ఎవరూ చెప్పలేరు, చెప్పలేనప్పుడు దూరంగా ఉండటమే నయం అంది. సోయా మామూలుగా కూరలో తింటే భయం లేదు, సారం తీసి మాత్రలు చేసినది వేరే సంగతి అంది. కూరలూ, పప్పులూ, పళ్ళూ కడుపునిండా తిని రోజూ నడవమంది. రక్తపరీక్షలో తక్కువని తేలిన విటమిను డాక్టరుగారు ఎలాగూ రాశారు, అది మాత్రం వదలొద్దంది. ఆవిర్ల సంగతి డాక్టరుగారికి చెప్పారా అని అడిగింది. నేను చెప్పలేదు. ప్రాణం దక్కితే చాలనుకున్నదాన్ని, ఆవిర్లు వస్తున్నాయని ఫిర్యాదు చేస్తే బాగుండదేమో అనుకున్నాను. ఆ రోజు చెప్పాను. మాత్ర మానకుండానే ఆవిర్లు తగ్గే ఉపాయం డాక్టరుగారి దగ్గరే ఉంది.

బయటికి వచ్చాక నాగభూషణం గారు బెంచీ చివర తప్పు చేసిన పిల్లాడిలా కూర్చున్నారు. హైమవతి గారి కారప్పొడుల రహస్యం అప్పుడు బయటపడింది. షారన్ పరవాలేదన్న అవిసె గింజలు వెల్లుల్లి, ఎండుమిరపకాయలు తగిలించుకుని నా ఇంటికే తిరిగి వచ్చాయి. వద్దన్నవన్నీ వాళ్ళ కుండీల్లోకి వెళ్ళాయి. సెలవంటే ఎరగని మనిషి, ఈ బుధవారాల కోసం సగం పూట సెలవులు పెట్టారు. ఆఫీసులో పంటినొప్పని చెప్పారట. ఈపాటికి నాగభూషణం నోట్లో ఒక్క పన్ను కూడా మిగిలి ఉండదని అక్కడివాళ్ళు లెక్క తేల్చారట.

ఇదంతా నాతో ఒక్క మాట చెప్పి ఉండొచ్చు కదా బాబాయి గారూ అన్నాను.

"చెప్తే ఏం చేస్తావమ్మా? ఇంత ప్రేమగా తెచ్చినోళ్ళతో వద్దని ఎట్టా అంటావు? నీకు నోరు రాదు. తాగేస్తావు. అదే నేను తినేశాననుకో, తిండిపోతు అంటారు. అదేమన్నా నాకు కొత్తగా వచ్చిన పేరా?"

మావారు ఆయన సంచీ అందుకుని తన భుజానికి తగిలించుకున్నారు. కాసేపటికి నాకు ఒక అనుమానం వచ్చింది. అడగడానికేనైతే సీసా తెస్తే సరిపోయేది, రుచి చూడటం ఎందుకండీ అన్నాను. ఆయన చాలా నిజాయితీగా ఆలోచించారు.

"అది మాత్రం నా కోసమేనమ్మా. ఎదురుగా పెట్టుకుని ఎట్టా ఊరుకునేది?"

ఆదివారం వదిన చెప్పినట్టే ఇంకో డబ్బాతో వచ్చింది. నాగభూషణం గారు అప్పటికే మా సోఫాలో ఉన్నారు, చెయ్యి చాపడానికి సిద్ధంగా. నేను ఆయన్ని ఆగమన్నాను. నా బతుకులో మొదటిసారి ఒకరు తెచ్చినదాన్ని వాళ్ళ చేతిలోనే ఉంచి మాట్లాడాను.

"వద్దు వదినా. నువ్వు నా మీద ప్రేమతో తెచ్చావు, అది తీసుకుంటాను. డబ్బా వద్దు. ఆ మాత్ర నేను మానను."

వదిన అలిగి వెళ్ళిపోతుందనుకున్నాను. ఆవిడ డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. షారన్ ఏమందో ప్రతి మాటా చెప్పించుకుంది. ఆ తరవాత గొంతు తగ్గించి, తను కూడా ఈ పొడి తాగుతున్నాననీ, బి.పి. మాత్ర మానేశాననీ, వారం రోజులుగా తల తిరుగుతోందనీ, ఎవరికీ చెప్పలేదనీ అంది.

నాగభూషణం గారు వెంటనే లేచి చెప్పులు వేసుకున్నారు. మూల మీద డాక్టరు క్లినిక్కు ఆదివారం కూడా ఉంటుందని, ఆవిడ ఎంత వద్దన్నా ఆటోలో కూర్చోబెట్టి తీసుకుపోయారు. బి.పి. చూసిన డాక్టరు ఆవిడకి పెట్టాల్సిన చీవాట్లు పెట్టి, పాత మాత్ర మళ్ళీ మొదలెట్టించాడు. మరుసటి బుధవారం నాగభూషణం గారి పంటికి మళ్ళీ నొప్పి వచ్చింది. నేనూ వదినా కూడా వెంట వెళ్ళాం. షారన్ మా ముగ్గుర్నీ చూసి, ఇవాళ ఇంతమంది వచ్చారేమిటి అంకుల్ అని నవ్వింది. ఆయన గొంతు సవరించుకుని, ఆఫీసులో కొత్త అధికారిని పరిచయం చేసినంత మర్యాదగా వదిన వైపు చెయ్యి చూపించారు.

"కమలాకుమారమ్మ గారని, ఫరీదాబాద్. పోయిన వారం పొడి డబ్బా నాకు సప్లయి ఈమెదేనమ్మా."

అందరికంటే ముందు నవ్వింది వదినే.